మానసిక పరీక్షలు – మన ఉద్యోగార్థులు

కోటబొమ్మాళి ప్రాంతమున చదువుకొన్న యువకులకు రైల్వే ఉద్యోగమనిన ప్రత్యేకాభిమానము. హౌరా–చెన్నై ప్రధానమార్గము ఊరిమీదుగనే పోవుచున్నది. పుట్టినది మొదలు బండికూత వినుచు పెరిగినవారు ఆ బండిని తామే నడపవలెనని కోరుటలో వింత యేమున్నది? గణితము, తర్కము, సామాన్యవిజ్ఞానము ఏండ్లతరబడి వల్లించి, అసిస్టెంటు లోకో పైలటు పదవికి జరుగు రెండు వ్రాతపరీక్షలను దాటిన యువకుడు చిట్టచివర నొక చిన్నపరీక్షలో తప్పి యింటికి మరలివచ్చుట మన ప్రాంతమున అపూర్వము కాదు. దానికి రైల్వేవారు కంప్యూటరు ఆధారిత ఆప్టిట్యూడు పరీక్ష యని పేరుపెట్టిరి. కుర్రవాండ్రు 'సైకో టెస్టు' అందురు. ఏల తప్పితివని యడిగినచో తరచుగా వచ్చు సమాధానము "అంతా అదృష్టము" అని. ఈ మాట మాకు సమ్మతము కాదు. అదృష్టమని తలచినవాడు సన్నద్ధుడు కాడు. సన్నద్ధుడు కానివానికి అది నిజముగనే అదృష్టపరీక్ష యగును.

అసలు అందులో నేమున్నదో చూతము. పాఠ్యపుస్తకపు ప్రశ్న యొక్కటియు నుండదు. జ్ఞాపకశక్తి, సూచనలను అనుసరించుట, లోతును గ్రహించుట, ఏకాగ్రత, చూపు చురుకుదనము అని అయిదు భాగములు. ఒక పటమును కొంతసేపు చూపి తీసివేసి, ఏ భవన మెచ్చట నుండెనో చెప్పుమందురు. దొంతిగా పేర్చిన ఇటుకల బొమ్మ చూపి, ఫలాని ఇటుకను ఎన్ని ఇటుకలు తాకుచున్నవో లెక్కింపుమందురు. ఒక ఆకారమును చూపి, దానిని పోలినదానిని గుంపులో పట్టుకొమ్మందురు. ప్రశ్నలు కఠినములు కావు. తీరికగా కూర్చుండిన బడిపిల్లవాడును చాలవరకు చేయగలడు. గడియారము పరుగెత్తుచుండగా చేయుటయే కష్టము. తప్పు సమాధానమునకు మార్కులు తగ్గింపరు. కాని అయిదింటిలో ప్రతిదానియందును 42 టీ-స్కోరు రావలెను. కులమును బట్టియు వర్గమును బట్టియు సడలింపు లేదు. నాలుగింట అగ్రస్థానము పొంది అయిదవదానిలో 41 తెచ్చుకొన్నవాడు ఇంటికి పోవలసినదే. అన్నియు దాటినవారికి మాత్రము ఈ పరీక్షకు 30 పాళ్లు, రెండవ వ్రాతపరీక్షకు 70 పాళ్లు విలువకట్టి తుదిజాబితా కూర్తురు.

ఈ టీ-స్కోరు అనునది మార్కుల మొత్తము కాదు. అందరి సగటును 50గా నుంచి, దానికి అభ్యర్థి యెంత యెత్తున, ఎంత దిగువున నున్నాడో చెప్పు కొలత. 42 అనగా సగటునకు కొంచెము దిగువ. కనుక గట్టెక్కుటకు ఏ భాగమునందును అసాధారణ ప్రతిభను కోరుటలేదు; ఏ యొక్కదానియందును మరీ వెనుకబడకుండుటను కోరుచున్నారు. ఈ భేదము తెలియక మన యువకులు తమకు వచ్చినదానినే మరల మరల చేసి ఆనందించుచు, రానిదానిని ప్రక్కకు నెట్టుచున్నారు. ఇటుకల లెక్క రానివాడు నెలదినములు ఇటుకలతోనే కాపురము చేయవలెను.

ఇట్టి పరీక్ష యనవసరమనువారితో మేము ఏకీభవింపము. 2023 అక్టోబరు 29వ తేదీ రాత్రి విజయనగరము జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషనుల నడుమ విశాఖ–పలాస పాసింజరును వెనుకనుండి విశాఖ–రాయగడ పాసింజరు ఢీకొనెను. పదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. బండి నడిపినవారును వారిలో గలరు. పలాస బండి కోటబొమ్మాళి మీదుగా పోవలసినది, మనవారు నిత్యము ఎక్కునది. తప్పెవరిదను వాదములోనికి మేము దిగము. కాని నడిరాత్రి వేళ, వందలమందిని వెనుక నుంచుకొని, సంకేతదీపపు రంగును క్షణములో పోల్చుకొనవలసినవానికి ఏకాగ్రత యెంత గలదో ముందుగా చూడరాదని యెవ్వరనగలరు? ఇందుకై లక్నోలోని రైల్వే పరిశోధనసంస్థ ఆర్.డి.ఎస్.ఓ.లో ప్రత్యేక విభాగమే యున్నది.

మరి దీనికి సన్నద్ధమగుట సాధ్యమా? ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి, నేర్చిన రాదని కొందరందురు. కొలది దినములలో నేర్పి పంపెదమని శిక్షణశాలలవారు గోడలకు కాగితములంటింతురు. ఇరువురి మాటయందును సగమే నిజము. క్రొత్త సంతలో దారి వెదకుకొనుచున్నవాడు బేరమాడలేడు. ఇట్టి పరీక్షలలో మొదటిమారు కంటె రెండవమారు, దానికంటె మూడవమారు మేలుగా వచ్చునని మానసికశాస్త్రజ్ఞులు చిరకాలముగా నెరుగుదురు. కొన్నిమారులైన పిమ్మట ఆ పెరుగుదల మందగించును. పట్టణమున కంప్యూటరు ముందర పెరిగిన పిల్లవానికి ఈ మేలు ఉచితముగా లభించుచున్నది. సెల్‌ఫోనుపై వ్రేలితో చదివి, మౌసును మొదట పరీక్షాశాలలోనే పట్టుకొన్న పల్లెవాడు ఆ మొదటి తడబాటును అసలు పరీక్షలోనే అనుభవించుచున్నాడు. ఓడినది వాని బుద్ధి కాదు, పరిచయలోపము.

ఈ పరిచయమునకు జీడితోట తాకట్టుపెట్ట నక్కరలేదు. పరీక్ష తీరు, నమూనా ప్రశ్నలు ఆర్.డి.ఎస్.ఓ. వారి వెబ్‌సైటులో అభ్యర్థుల కొరకే ఉచితముగా నుంచబడినవి. పది పదునైదు దినములు, దినమునకొక గంట, గడియారము పెట్టుకొని కంప్యూటరు మీద చేయుట చాలును. శిక్షణశాలలన్నిటిని దూషించుట మా యుద్దేశము కాదు. గణితమునకు వారి సహాయము కావలసినవాడు పోవచ్చును. దీనికొరకు ప్రత్యేకముగా వేలు చెల్లించుట మాత్రము వ్యర్థము. ఇంకొకమాట. లోకో పైలటు పరీక్షకు నేత్రవైద్యుడు నిర్ణీతపత్రముపై నిచ్చిన దృష్టి ధ్రువపత్రమును తీసికొనిపోనిచో లోనికే రానీయరు. ముందటి రాత్రి జనరలు పెట్టెలో నిలుచుండి ప్రయాణముచేసి, నిద్రలేని కన్నులతో ఏకాగ్రతపరీక్షకు కూర్చుండువానికి ఏ శిక్షణయు అక్కరకు రాదు. ఒకదినము ముందుగా బయలుదేరవలెను.

వ్యక్తిత్వమును కొలుచు పరీక్షల సంగతి వేరు. సైన్యమున అధికారి పదవి గోరువారికి ప్రయాగరాజ్, భోపాలు, బెంగుళూరు మొదలగు చోట్ల ఎంపికబోర్డులలో ఇట్టివి జరుగును. ఒక బొమ్మను 30 సెకనులు చూపి, 4 నిమిషములలో దానిపై కథ వ్రాయుమందురు. 60 మాటలను, ఒక్కొక్కటి 15 సెకనుల చొప్పున చూపి, మనస్సునకు తోచిన వాక్యము వ్రాయుమందురు. శ్రీకాకుళము జిల్లా సైన్యమునకు జవానులను విరివిగా నిచ్చినది. అధికారుల వరుసలోను మనవారు పెరుగవలెను గదా. అయితే అంగడిలో ఈ పరీక్షకు కంఠస్థము చేయదగిన కథలు అమ్ముచున్నారు. ప్రతి కథలోను నాయకుడు వరదబాధితులను రక్షించి, ఊరికి రోడ్డు వేయించి, తీరిక దొరికినచో రక్తదానశిబిరము కూడ నడుపును! వేలకొలది కథలు చదివిన పరీక్షకుడు వీనిని మొదటి వాక్యములోనే పోల్చుకొనడా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తీరమును తాకినపుడు, చీకటిలో పశువులను విప్పి, ముసలివారిని బడికి చేర్చిన కుర్రవాండ్రు మన పల్లెలలో గలరు. అట్టివాడు తన కథ మాని కొన్న కథ వ్రాయుట కంటె విచారకర మేమున్నది?

కంపెనీలవారి ప్రశ్నావళులయందును ఇదే సంగతి. అడిగినదానినే రూపుమార్చి మరల అడుగుదురు; నటించువాడు తన మాటలలోనే చిక్కుకొనును. చిక్కుకొనకున్నచో ఇంకను చెడ్డది. నలుగురితో మాటాడుట కిష్టపడనివాడు మహాకలుపుగోలునని నమ్మించి అమ్మకపు ఉద్యోగము సంపాదించినచో, ఆ ఉద్యోగమును దినదినము చేయవలసినవాడును వాడే.

ఇక మా ముఖ్యమైన ఫిర్యాదు. లోకో పైలటుల కొరకు 2018లోను, స్టేషను మాస్టరు మొదలగు పదవుల కొరకు 2019లోను వెలువడిన ప్రకటనలలో వ్రాతపరీక్షలను తెలుగులోను వ్రాయవచ్చుననిరి; ఆప్టిట్యూడు పరీక్షకు మాత్రము ఇంగ్లీషు, హిందీ భాషలే యనిరి. చిత్రమేమనగా, ఇటుకల బొమ్మకు భాష లేదు. భాష యున్నది సూచనకే. సూచనలను అనుసరించు శక్తిని కొలుచుచోట, ఆ సూచనయే పరభాషలో నుండినచో కొలువబడునది శక్తియా, భాషయా? 1917లో అమెరికా సైన్యమువారు లక్షలకొలది సైనికులకు బుద్ధిపరీక్షలు పెట్టినపుడు, ఇంగ్లీషు చదువరానివారి కొరకు మాటలతో పనిలేని 'బీటా' అను వేరుపరీక్షనే సిద్ధముచేసిరి. అంత చేసియు పొరపడిరి. ఆ లెక్కలను పట్టుకొని 1923లో బ్రిగ్‌హామ్ అను పండితుడు ఫలాని దేశములనుండి వచ్చినవారు మందబుద్ధులని గ్రంథము వ్రాసి, 1930లో ఆ నిర్ణయము నిలువదని తానే యొప్పుకొనెను. అక్కడి శాస్త్రజ్ఞుడు ఏడేండ్లకు గ్రహించిన సంగతి మన రైల్వేబోర్డువారికి తెలియని దనలేము. నాలుగైదు పుటల సూచనలను తెలుగులోనికి మార్చుటకు ఎంత ధనము కావలెను, ఎంత కాలము పట్టును? ఇకమీదట వెలువడు ప్రతి ప్రకటనయందును ఈ పరీక్షకు తెలుగు చేర్చవలెనని మన పార్లమెంటు సభ్యులు పట్టుబట్టవలెను. 2024 జనవరిలో 5,696 ఖాళీలతో వెలువడిన లోకో పైలటు ప్రకటన పిమ్మట 18,799కి పెరిగినది. ఇంతమంది భవిష్యత్తు ముడివడిన విషయమిది.

వారు కదలులోపల మన చేతిలోనున్న పని యొకటి గలదు. కోటబొమ్మాళి, టెక్కలి, నరసన్నపేటల పఠనమందిరములు ఆ నమూనా సూచనలను తెలుగులో వ్రాయించి బల్లపై నుంచవచ్చును. ఒక పాత కంప్యూటరు, ఒక మౌసు సంపాదింపవచ్చును. ఈ పరీక్ష దాటి ఉద్యోగములో చేరినవారు సెలవులకు ఇంటికి వచ్చినపుడు, ఆదివారము రెండు గంటలు అచ్చట కూర్చుండి తమ్ములకు ఇటుకలు లెక్కించు విధము చూపవచ్చును. అట్టివారి పేర్లను, వచ్చు వేళలను పఠనమందిరపు తలుపున వ్రాసి యుంచిన చాలును.