ఆ మేజోడు కడిగాడా?

పెడనలో కలంకారీ అద్దకం పని చేసే ఒక సోదరుని షెడ్డు కాలువ గట్టును ఆనుకొని ఉన్నది. అద్దకం పూర్తయి, కాలువ నీటిలో జాడించిన బట్టలు ఆ గట్టు మీది పచ్చికలోనే ఆరుతాయి. పగలు మనుషులు చూసుకుంటారు. రాత్రి కాపలా మాత్రం పదకొండేళ్లుగా ఒక కుక్కది. కూనగా ఉన్నప్పుడు వానలో తడుస్తూ షెడ్డు చూరు కిందకు వచ్చి చేరిన ఊరకుక్క అది. పిల్లలు మోతీ అని పిలుస్తారు. ఇంటి గడప అది ఎన్నడూ తొక్కలేదు. దాని చోటు షెడ్డు బయట, దాని గిన్నె వేరు.

గత వర్షాకాలంలో ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగించుకొని ఆయన షెడ్డుకు వెళ్లేసరికి మోతీ ఒక పక్కకు ఒరిగి పడి ఉన్నది. లేవబోతే ఒకే దిక్కుకు గిర్రున తిరిగి కూలబడుతున్నది. తల ఎడమకు వాలిపోయింది. కనుగుడ్లు నిలకడ లేక అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. నోటి నుండి చొంగ, ఆపైన వాంతి. ముందురోజు రాత్రి వరకు నిక్షేపంగా తిరిగిన కుక్క! చుట్టుపక్కల వారు గుమిగూడారు. ఒకరు పిచ్చి పట్టిందన్నారు, ఒకరు ఎవరో విషం పెట్టారన్నారు, మరొకరు పక్షవాతమన్నారు. ఇంతలో ఒక యువకుడు కర్ర తెచ్చాడు. ముసలి కుక్కే కదా, ఒక్క దెబ్బతో పోతుంది, దానికీ బాధ తప్పుతుందన్నాడు. ఆ సోదరుడు కర్రకూ కుక్కకూ మధ్య నిలబడ్డాడట. ఆ మాట తరువాత ఆయన భార్య మా ఇంటి ఆడవారికి చెబితే తెలిసింది. ఆయన చెప్పుకోలేదు.

జుహ్ర్ వేళ ఆయన మసీదు అరుగు దగ్గర నిలబడి, లోనికి రాకుండా మమ్మల్ని పిలిచారు.

"హజ్రత్, బట్టలంతా దాని చొంగే. ఇంటికి పోయి మార్చుకొని వచ్చేలోగా జమాఅత్ తప్పిపోతున్నది. దాన్ని వదిలేస్తే చచ్చిపోతుంది. ఏం చేయమంటారు?"

"భాయ్, అది కుక్క. ముందు మీ నమాజు సంగతి చూసుకోండి" అన్నాము మేము.

ఆయన ఇంకేమీ అడగలేదు. సలాము చెప్పి వెళ్లిపోయారు. మేము చెప్పినదానిలో అబద్ధమేమీ లేదు. అయినా ఒక మనిషి నోటి ముందు తలుపు వేసినట్లు అయిందన్న సంగతి మాకు మరునాటి ఉదయం గాని తెలిసి రాలేదు. అదీ ఒక పదేళ్ల బాలుని వలన.

ఆ ఉదయం మదరసాలో పిల్లలకు దప్పికతో ఉన్న కుక్క హదీసు చెబుతున్నాము. సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ వృత్తాంతమది. దారిన పోయే ఒక వ్యక్తి దప్పికగొని బావిలోకి దిగి నీరు త్రాగుతాడు. పైకి వచ్చి చూస్తే ఒక కుక్క దాహంతో తడి మట్టిని నాకుతూ ఉంటుంది. తనకు కలిగిన బాధే దీనికీ కలిగిందని తలచి, మళ్ళీ దిగి, తన తోలు మేజోడును నీటితో నింపి, దానిని నోట కరచుకొని పైకి ఎక్కి, ఆ కుక్క చేత త్రాగిస్తాడు. అల్లాహ్ ఆ పనిని ఆదరించి అతని పాపాలను మన్నిస్తాడు. జంతువుల విషయంలో కూడా మాకు పుణ్యం ఉంటుందా అని సహచరులు అడిగితే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ఉంటుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

పాఠం ముగిసింది. వెనుక వరుసలోని బాలుడు చేయెత్తాడు. "హజ్రత్, కుక్క మూతి పెట్టిన ఆ మేజోడును అతను తర్వాత కడిగాడా?"

పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

ఆ ప్రశ్న చిన్నది కాదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ వృత్తాంతాన్ని వుజూ గ్రంథంలో కూడా చేర్చారు. కుక్క ఎంగిలి శుద్ధమా అశుద్ధమా అన్న చర్చ నడిచే చోట అది కనిపిస్తుంది. దీనిని ఆధారం చేసుకొని కుక్క ఎంగిలి అశుద్ధం కాదన్నవారు ఉన్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) మార్గం అదే. అతను ఆ మేజోడును కడగకుండా తొడుక్కున్నాడని హదీసులో ఎక్కడా లేదు గదా, కాబట్టి ఇది ఆధారం కాజాలదని బదులిచ్చినవారూ ఉన్నారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మార్గంలో కుక్క చొంగ అశుద్ధమే. మేము చదువుకున్నదీ, చెబుతున్నదీ అదే. వందల ఏండ్లుగా పండితులు ఆ మేజోడు గురించి వాదించారు. అతను ఆ నీరు పట్టకుండా వెళ్లిపోవలసింది అని మాత్రం ఒక్కరూ అనలేదు. కడగడం గురించిన చర్చ అంతా నీరు పట్టిన తరువాతి చర్చ. మేమేమో ఆ సోదరునికి తరువాతి సంగతి ముందే చెప్పి, ముందటి సంగతిని ఎగరగొట్టాము.

పాఠం విడిచిపెట్టి నేరుగా షెడ్డుకు వెళ్లాము.

ఆయన గోనె సంచుల మీద కుక్కను పడుకోబెట్టి, దాని తల కింద పాత బట్ట మడిచి పెట్టి, పక్కన కూర్చొని ఉన్నారు. మమ్మల్ని చూసి కంగారుగా లేచి దూరం జరిగారు. "క్షమించండి భాయ్, నిన్న మేము సగమే చెప్పాము" అన్నాము. మిగిలిన సగం అక్కడే చెప్పాము. ఇక్కడా వ్రాస్తున్నాము, ఎందుకంటే ఇటువంటి ఇబ్బంది చేపల చెరువుల మీదా, గొర్రెల మందల దగ్గరా, తోటలలోనూ కాపలా కుక్కలున్న చాలా కుటుంబాలకు రావచ్చును.

కుక్కను తాకినందువలన వుజూ భంగం కాదు. దాని పొడి వెంట్రుకలు బట్టకు తగిలితే బట్ట అశుద్ధం కాదు. చొంగ అంటితే ఆ అంటిన భాగాన్ని కడగాలి. బట్టలన్నీ విడిచి స్నానం చేయనక్కరలేదు. అది మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగమని హదీసులో ఉన్నది. మూడుసార్లతో సరిపోతుంది, ఏడుసార్లు ఉత్తమం అన్నారు హనఫీ పండితులు. షాఫయీలు ఏడుసార్లలో ఒకసారి మట్టితో తప్పనిసరి అంటారు. కాబట్టి సేవ చేసేందుకు ఒక జత బట్టలు షెడ్డులోనే విడిగా పెట్టుకొని, నమాజు వేళకు చేతులు కడుక్కొని, శుభ్రమైనవి తొడుక్కుంటే సరి. ఇంత తేలిక మాటకు ఆయన ఒక జుహ్ర్, ఒక అస్ర్, ఒక మగ్రిబ్ జమాఅత్‌లు పోగొట్టుకున్నారు. ఆ లెక్కలో మా వంతు ఉన్నది.

కుక్కను పెంచడమే తగదు గదా అని అక్కడే ఉన్న ఒక పెద్దాయన అడిగారు. వేడుక కోసం పెంచితే దినదినం పుణ్యం తరుగుతుందనీ, కుక్క ఉన్న ఇంట దైవదూతలు ప్రవేశించరనీ హదీసులు ఉన్న మాట నిజం. అదే హదీసులు పొలానికీ, మందకూ, వేటకూ ఉన్న కుక్కను మినహాయించాయి. కాపలా అవసరాన్ని పండితులు వాటితో జత చేశారు. దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా 4వ ఆయతులో వేటకు తర్ఫీదు ఇచ్చిన జంతువులు పట్టినది తినడానికి అనుమతి ఉన్నది. కహఫ్ సూరాలో గుహవాసుల కుక్క గడప దగ్గర ముందుకాళ్లు చాచి ఉన్నదని వర్ణించాడు అల్లాహ్. వారు ఎందరన్న విషయంలో జనులు ఊహించిన ప్రతి లెక్కలోనూ, ముగ్గురన్నా, అయిదుగురన్నా, ఏడుగురన్నా, చివర ఆ కుక్క కూడా లెక్కకు వచ్చింది. మోతీ ఉన్నది కూడా గడప బయటే.

అయితే ముసలిది, ఇక కాపలాకు పనికిరాదు, ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది గదా? ఈ ప్రశ్నను ఎవరూ అడగలేదు గాని అందరి మనసులలోనూ ఉన్నట్లు తోచింది. హిజ్రీ 660లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) తన 'ఖవాయిదుల్ అహ్కామ్'లో మనిషి మీద జంతువులకు ఉన్న హక్కులను వ్రాస్తూ, మొట్టమొదట వాటి పోషణను పేర్కొన్నారు. అది ముసలిదైనా, ఇక ప్రయోజనం లేనంతగా జబ్బుపడినా ఆ హక్కు పోదని స్పష్టం చేశారు. పోషించకపోతే న్యాయాధికారి బలవంతం చేయవచ్చునా అన్న విషయంలో మన హనఫీ ఇమాములలో భేదం ఉన్నది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) చేయవచ్చునన్నారు. అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలన్న విషయంలో భేదం లేదు. పిల్లిని కట్టివేసి తిండి పెట్టని స్త్రీ నరకానికి వెళ్లిన వృత్తాంతం మన ఇండ్లలో చిన్నపిల్లలకు సైతం తెలిసినదే.

ఇక జబ్బు సంగతి. మేము వెళ్లేసరికి పశువైద్యుడు చూసి వెళ్లారు. అది పిచ్చికుక్క వ్యాధి కాదనీ, విషమూ కాదనీ, వయసు మళ్లిన కుక్కలకు లోపలి చెవిలోనూ మెదడులోనూ ఉండే, శరీరాన్ని తూకంగా నిలిపే ఏర్పాటు హఠాత్తుగా చెడితే ఇలా అవుతుందనీ చెప్పారట. చూడడానికి పక్షవాతంలా భయపెడుతుంది. కాని చాలా కుక్కలు మూడు రోజులలో తేరుకోవడం మొదలుపెట్టి, రెండు మూడు వారాలలో నడుస్తాయి. తల వంకర కొన్నిటికి ఉండిపోతుంది. చెవిలో చీము ఉన్నదేమో చూశారు, లేదు. వాంతులకు సూది, నీరసానికి సెలైను ఇచ్చారు. మూడు రోజులలో మార్పు లేకపోతే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకుపొమ్మన్నారు.

వైద్యుడు మొదట అడిగింది టీకా కార్డు. ఏటేటా రేబీస్ టీకా వేయించిన కార్డు ఆయన దగ్గర ఉన్నది, అదే ఆ కుక్కను ఆ ఉదయం కాపాడింది. టీకా లేని కుక్క ఇలా తూలుతూ చొంగ కారుస్తుంటే ఎవరూ చేయి పెట్టరాదు. దానిని విడిగా ఉంచి పశువైద్యునికి కబురు పెట్టాలి. కరచినా, గాయం మీద చొంగ పడినా, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకోవాలి. కరుణ పేరిట ప్రాణం మీదికి తెచ్చుకోమని షరీఅత్ చెప్పదు.

తరువాతి రోజులలో ఆ ఇంటివారు చేసినది చూసి మేమే నేర్చుకున్నాము. ఒరసుకొని పుండ్లు పడకుండా కొన్ని గంటలకొకసారి దానిని పక్కకు తిప్పేవారు. తడిసిన గోనెను వెంటనే మార్చేవారు. సూది తీసిన సిరంజితో, తల నిలబెట్టి, దవడ పక్క నుండి కొద్దికొద్దిగా నీరు పట్టేవారు. గొంతులో పోస్తే ఊపిరితిత్తులలోకి పోతుందని వైద్యుడు హెచ్చరించారట. చీకటిలో అది ఇంకా తూలిపోతుందని రాత్రంతా చిన్న దీపం వెలుగుతుండేది. ఆయన తల్లి జాలితో ఇంట్లోని నొప్పి మాత్ర ఒకటి తెస్తే కొడుకు వారించారు. మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకు విషంతో సమానం. అప్పుడు ఆ తల్లి యఖ్నీ కాచి, అన్నంలో కలిపి, చల్లార్చి పంపేవారు.

ఖర్చు అయింది. జకాత్ కోసం తీసి పెట్టిన సొమ్ము కొంత ఉన్నది, దాని నుండి వాడవచ్చునా అని ఆయన అడిగారు. కూడదన్నాము. జకాత్ హక్కుదారులు ఎనిమిది వర్గాల మనుషులని తౌబా సూరా 60వ ఆయతు నిర్ణయించింది. సొంత సొమ్ము నుండి చేయండి, ఇన్‌షా అల్లాహ్ దానికి విడిగా ప్రతిఫలం ఉంటుందన్నాము. ఆయన ఒక అద్దకం బట్టల మూటను కొంచెం తక్కువ ధరకు ముందుగానే అమ్ముకున్నారని తరువాత తెలిసింది.

మూడవ రోజు సాయంత్రానికి కనుగుడ్ల కదలిక ఆగింది. అయిదవ రోజు గోడను ఆనుకొని నిలబడింది. కర్ర తెచ్చిన యువకుడే ఆ రోజు దాని నడుము కింద తువ్వాలు వేసి పట్టుకొని నాలుగడుగులు నడిపించాడు. మేము ఆ బాలుడిని వెంట తీసుకువెళ్లి దూరం నుండి చూపించాము. వాడు కుక్కను కాదు, ఆ సోదరుడు కాలువ దగ్గర మోచేతుల వరకు చేతులు రుద్ది కడుక్కోవడాన్ని లెక్క పెడుతూ చూశాడు. "ఏడుసార్లు, హజ్రత్" అన్నాడు.

మోతీ తల ఇప్పటికీ ఒక పక్కకు వాలే ఉన్నది. మొరగబోతే ఒక్కోసారి తూలుతుంది. రాత్రి గట్టు మీద బట్టల దగ్గర ఆ సోదరుని పెద్ద కుమారుడు మంచం వేసుకొని పడుకుంటున్నాడు. మోతీ ఆ మంచం కింద నిద్రపోతున్నది.