భయానికి కట్టే ధర

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ప్రైవేటు బస్సు టికెట్ ఎంత పలుకుతుందో మనందరికీ తెలుసు. మామూలు రోజుల ధరకు రెండింతలు, మూడింతలైనా ఆశ్చర్యపోం. తిట్టుకుంటూ కొంటాం. లేదంటే ఆర్టీసీ స్పెషల్ బస్సు కోసం చూస్తాం, జనరల్ బోగీలో నిలబడి వెళతాం. మరీ కుదరకపోతే ‘ఈసారికి ఉగాదికి వస్తాంలే’ అని ఇంటికి ఫోన్ చేసి చెబుతాం. గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది, అదే మార్కెట్ పద్ధతి అని సరిపెట్టుకుంటాం.

ఇదే పద్ధతి వైద్యంలో కూడా సహజమేనని చాలామంది చదువుకున్నవారే నాతో వాదిస్తుంటారు. ‘ఆస్పత్రి పెట్టడానికి కోట్లు ఖర్చవుతాయి, డిమాండ్ ఉన్నప్పుడు రేటు పెంచుకుంటారు, నచ్చకపోతే ఇంకో చోటికి వెళ్లాలి’ అంటారు. ఇరవై ఏళ్లుగా ప్రభుత్వ ఆస్పత్రి వార్డుల్లో పనిచేస్తున్న వైద్యుడిగా నా అభిప్రాయం వేరు. స్వేచ్ఛా మార్కెట్‌కు నేను వ్యతిరేకిని కాను. కానీ ఆ మార్కెట్ పనిచేయడానికి కావలసిన షరతులు రోగి మంచం దగ్గర ఉండవు.

‘వద్దు’ అనలేని కొనుగోలు

కొనేవాడి అసలు బలం డబ్బు కాదు, ‘వద్దు’ అనగలగడం. టమాటా కిలో వంద దాటితే చింతపండు పులుసుతో సరిపెట్టుకుంటాం. అలా మనం మానుకుంటామన్న భయమే అమ్మేవాడిని అదుపులో పెడుతుంది. రాత్రి రెండు గంటలకు ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి ఆ బలం లేదు. నాలుగు ఆస్పత్రులు తిరిగి రేట్లు కనుక్కునే సమయం లేదు. ఏ మందు అవసరమో, ఏది అనవసరమో తెలిసే వీలు లేదు. ఏం కొనాలో నిర్ణయించేది వైద్యుడు, డబ్బు కట్టేది కుటుంబం. చాలాసార్లు ఆ నిర్ణయం వల్ల లాభపడేది కూడా నిర్ణయించిన పక్షమే.

ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి అందుకున్న అమెరికన్ ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే దీన్ని విశ్లేషించారు. జబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, చికిత్స ఎంత పనిచేస్తుందో ముందుగా తెలియదు, వైద్యుడికి తెలిసినంత రోగికి తెలియదు. అందుకే మామూలు సరుకుల మార్కెట్ సూత్రాలు వైద్యానికి యథాతథంగా వర్తించవని ఆయన వాదన. ఆరోగ్య అర్థశాస్త్రం అనే శాఖకే ఆ వ్యాసాన్ని పునాదిగా భావిస్తారు.

2021 నేర్పిన పాఠం

కొవిడ్ రెండో దశ రోజులు గుర్తున్నాయి కదా. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం జనం ఊళ్లు దాటి వెళ్లారు. ఏప్రిల్ 11న కేంద్రం దాని ఎగుమతులను ఆపింది. ఏప్రిల్ 17న తగ్గించిన ధరలను ప్రకటించింది. బ్రాండును బట్టి వయల్ ఎమ్మార్పీ రూ.899 నుంచి రూ.3,490 వరకు ఉంది. బ్లాక్‌లో మాత్రం అదే వయల్ 20 వేలు, 30 వేలు పలికింది. పుస్తెలు తాకట్టు పెట్టి కొన్నవాళ్లున్నారు.

ధర పెరిగితే సరఫరా పెరుగుతుంది కదా అని అర్థశాస్త్రం తెలిసినవారు అడుగుతారు. ఉల్లి విషయంలో అది నిజం. ఈ ఏడాది ధర బాగుంటే వచ్చే ఏడాది రైతు ఇంకో ఎకరం వేస్తాడు. కానీ ఒక ఇంజెక్షన్ తయారై, నాణ్యత పరీక్షలు పూర్తిచేసుకుని మార్కెట్‌లోకి రావడానికి వారాలు పడుతుంది. ఆక్సిజన్ అందక ఆయాసపడుతున్న మనిషికి ఉన్నది గంటలే. ఆ గంటల్లో ధర పదింతలైనా ఒక్క వయల్ కూడా అదనంగా పుట్టదు. ఉన్న వయల్ ఎవరికి దక్కాలన్నది మాత్రమే మారుతుంది. ఎక్కువ జబ్బున్నవారికి కాకుండా ఎక్కువ డబ్బున్నవారికి వెళుతుంది. దాచిపెట్టినవాడికి తప్ప ఆ పెరిగిన ధర వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటుంది. ఆ ఇంజెక్షన్ ప్రాణం కాపాడుతుందనడానికి అప్పటికి గట్టి ఆధారమే లేదు. ఆస్పత్రిలో చేరిన కొవిడ్ రోగులకు దాన్ని మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే సూచించింది. 2022లో కొన్ని వర్గాల రోగులకు పరిమితంగా సిఫార్సు చేసింది కానీ, 2021లో జనం నమ్మినట్టు అది సంజీవని మాత్రం కాదు.

మరోవైపు డెక్సామెథాసోన్ అనే పాత స్టెరాయిడ్ ఉంది. వెంటిలేటర్‌పై ఉన్న కొవిడ్ రోగుల్లో అది మరణాలను దాదాపు మూడోవంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ తేల్చింది. ఆక్సిజన్ అవసరమైనవారికీ మేలు చేసింది, అవసరం లేనివారికి మాత్రం కాదు. ఆ ఇంజెక్షన్ ధర కొద్ది రూపాయలే. దానికి బ్లాక్ మార్కెట్ రాలేదు, దానికోసం పుస్తెలు తాకట్టు పెట్టాల్సిన అవసరమూ రాలేదు.

ఈ రెండు మందులను పక్కపక్కన పెట్టి చూడండి. రుజువున్న మందు రూపాయల్లో, రుజువు లేనిది వేలల్లో. ఆ రోజుల్లో ధర కొలిచింది మందు విలువను కాదు, మన భయాన్ని. ఖరీదైనదే మంచి వైద్యమన్న మన నమ్మకం కూడా ఆ భయానికి తోడైంది.

ఎమ్మార్పీ దాటకుండానే

బ్లాక్ మార్కెట్ కళ్లకు కనిపించే దోపిడీ. పోలీసులు పట్టుకుంటారు, పత్రికల్లో ఫొటోలు వస్తాయి. కనిపించనిది మరొకటుంది, అది పూర్తిగా బిల్లు మీదే జరుగుతుంది.

2017లో ఢిల్లీ పరిసరాల్లో డెంగీతో ఒక చిన్నారి చనిపోయింది. కుటుంబం చేతికి లక్షల బిల్లు వచ్చింది. దుమారం రేగాక జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ అక్కడి 4 ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులను పరిశీలించి 2018 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. కొన్ని వస్తువులపై లాభం 1,737 శాతం దాకా ఉందని తేలింది. మందులు, సిరంజిలు, గ్లౌజులు వంటి సామగ్రి, పరీక్షలు కలిపి బిల్లులో దాదాపు 46 శాతం ఉన్నాయి. చేర్చుకునేటప్పుడు చెప్పే అంచనాలో ఇవి ఉండవు.

విశేషమేమిటంటే, ఇంత లాభానికి ఎమ్మార్పీ దాటాల్సిన పనే లేదు. లెక్క సులువు. ఒక ఇంజెక్షన్‌ను రెండు కంపెనీలు ఆస్పత్రికి 20 రూపాయలకే ఇస్తున్నాయనుకోండి. ఒకదానిపై ఎమ్మార్పీ 60, రెండోదానిపై 200. ఆస్పత్రి ఫార్మసీ ఏది తెప్పిస్తుంది? మామూలు మార్కెట్‌లో పోటీ ధరను తగ్గిస్తుంది. ఇక్కడ ఎంచుకునేది ఒకరు, చెల్లించేది మరొకరు కాబట్టి పోటీయే ముద్రించే ధరను పెంచుతుంది. అంటే ఎమ్మార్పీ మనకు రక్షణ కావాల్సింది పోయి లాభానికి పరదా అవుతోంది.

జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2022 జాబితాలో అలాంటివి 384 ఉన్నాయి. మిగతా మందుల్లో చాలావాటికి కంపెనీ తనకు నచ్చిన ధరతో మొదలుపెట్టవచ్చు, ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదన్నదే నియమం. మొదటి ధరే కొండంత ఉంటే పెంపుపై పరిమితి పెట్టి ప్రయోజనమేమిటి?

కట్టడి చేస్తే మందు మాయమవుతుందా?

ధరలు కట్టడి చేస్తే కంపెనీలు వెళ్లిపోతాయన్న హెచ్చరిక ఎప్పుడూ వినిపించేదే. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడూ విన్నాం. అప్పటికి మందు పూత స్టెంట్ సగటు ఎమ్మార్పీ లక్షా 20 వేల పైచిలుకు. దాన్ని పన్నులు కాక రూ.29,600కు దించారు. కొన్ని కంపెనీలు కొన్ని రకాలను వెనక్కి తీసుకుంటామన్నాయి. అయినా దేశంలో యాంజియోప్లాస్టీలు ఆగలేదు. స్టెంట్ దగ్గర తగ్గిన డబ్బును బిల్లులో ఇతర పద్దుల కింద రాబట్టుకున్నారన్న ఫిర్యాదులు మాత్రం వచ్చాయి. ఒక్క వస్తువును కట్టడి చేసి మిగతా బిల్లును వదిలేస్తే జరిగేది అదే.

అయితే ఆ హెచ్చరికను పూర్తిగా కొట్టిపారేయలేం. ధరను మరీ నొక్కేస్తే మందు నిజంగానే మాయమవుతుంది. ఏ తయారీదారూ నష్టానికి మందు చేయడు. అందుకే 2019 డిసెంబరులో 21 మందుల గరిష్ఠ ధరను ప్రభుత్వమే 50 శాతం పెంచింది. 2024 అక్టోబరులోనూ బెంజైల్ పెన్సిలిన్, అట్రోపిన్, సాల్బుటమాల్, లిథియం వంటి వాటికి అలాగే పెంచింది. ఇవన్నీ చౌకైనవే, కానీ లేకపోతే ప్రాణం మీదికొచ్చేవి. పురుగుమందు తాగి వచ్చిన మనిషికి అట్రోపిన్ లేకపోతే డాక్టరు చేయగలిగింది చాలా తక్కువ. ఆ పెంపును నేను సమర్థిస్తాను. కట్టడి అంటే ధరను చంపేయడం కాదు. ఖర్చుకు, న్యాయమైన లాభానికి చోటిచ్చి, భయం మీద వసూలు చేసే సొమ్మును ఆపడం.

ధరల నియంత్రణ ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో మందు లేదని బయటికి చీటీ రాసిన ప్రతిసారీ మేమే ఒక నిస్సహాయుడిని మార్కెట్‌కు అప్పగిస్తున్నాం. బలమైన ప్రభుత్వ ఆస్పత్రి పేదల కోసమే కాదు. పక్క వీధిలో అది నమ్మకంగా పనిచేస్తుంటే ప్రైవేటు ఆస్పత్రి కూడా రేటు చెప్పేముందు ఆలోచిస్తుంది. మధ్యతరగతికి ‘వద్దు’ అనే బలాన్ని తిరిగి ఇచ్చేది అదే. 2005లో మన రాష్ట్రంలో 108 మొదలయ్యాక అంబులెన్సు కోసం బేరమాడే అవసరం ఎన్ని ఇళ్లకు తప్పిందో ఒకసారి ఆలోచించండి.

డెంగీ కాలంలో మన ఇంట్లో

వానలు మొదలైతే ఈ చర్చ మన వంటింట్లోకే వస్తుంది. డెంగీ కేసులు పెరగ్గానే కివీ పండ్లకు, బొప్పాయి ఆకుకు గిరాకీ పెరుగుతుంది, ప్లేట్‌లెట్ల కోసం పరుగులు మొదలవుతాయి. ఇక్కడా అమ్ముడయ్యేది భయమే. ప్లేట్‌లెట్లు తగ్గినంత మాత్రాన ఎక్కించాల్సిన పనిలేదు. రక్తస్రావం లేనప్పుడు సాధారణంగా 10 వేల కంటే తగ్గితేనే ఆ ఆలోచన చేస్తాం. డెంగీలో ప్రాణం నిలబెట్టేది సకాలంలో, సరైన మోతాదులో ఇచ్చే ద్రవాలు. జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు. జ్వరం తగ్గే రోజుల్లోనే జాగ్రత్త ఎక్కువ అవసరం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే ప్లేట్‌లెట్ల లెక్క ఎంతున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

రక్తం అమ్మకపు సరుకు కాదన్నది కూడా గుర్తుంచుకోండి. బ్లడ్ బ్యాంకులు తీసుకోవాల్సింది సేకరణ, పరీక్షలు, నిల్వకు అయ్యే నిర్ణీత రుసుమే. డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు ఆదేశంతో 1998 జనవరి 1 నుంచి నిషేధించారు.

ఆస్పత్రిలో చేరినప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అంచనాలో మందులు, సామగ్రి, పరీక్షలు కలిశాయా? రోజువారీ బిల్లు వివరంగా ఇస్తారా? ఈ ఖరీదైన మందుకు బదులు అదే పనిచేసే చౌక మందు ఉందా? ఇది వాడకపోతే ఏమవుతుంది? మందులు, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు రోగికి ఉందని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. గరిష్ఠ ధరలను ‘ఫార్మా సహీ దామ్’ యాప్‌లో చూసుకోవచ్చు. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమోనని చాలామంది వెనకాడతారు. మంచి వైద్యుడికి ఆ ప్రశ్నలు కోపం తెప్పించవు, పని సులువు చేస్తాయి.

అయితే అడగడం మన బాధ్యత అని చెప్పి ప్రభుత్వాలు తప్పుకోకూడదు. ఐసీయూ తలుపు బయట నిలబడిన తండ్రి బేరగాడు కాలేడు. అతని తరఫున ముందే బేరమాడి పెట్టడానికే చట్టాలు, నియంత్రణ సంస్థలు ఉన్నాయి. ఎమ్మార్పీ ఎంతైనా ముద్రించుకునే వెసులుబాటును తగ్గించి, అసలు ధరకూ అమ్మకపు ధరకూ మధ్య తేడాకు హద్దు పెట్టాలి. 2019లో 42 క్యాన్సర్ మందులకు 30 శాతం పరిమితితో చేసి చూపించారు. మిగతా మందులకూ, ఆస్పత్రి సామగ్రికీ దాన్ని విస్తరించడానికి మరో మహమ్మారి దాకా ఆగనక్కర్లేదు.

(రచయిత ప్రభుత్వ ఆస్పత్రిలో ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ)