పుంటికూర – జొన్నరొట్టె

ఈ మాసము మా పుటలో పుంటికూరను, జొన్నరొట్టెను గూర్చి ముచ్చటింప దలచితిమి. ఇది అందరెరిగినదే గదా యని పుట త్రిప్పివేయకుడు. ఎరిగినవారు తగ్గిపోవుచున్నారనియే మా బాధ.

మా హుజూర్‌నగర్ ప్రాంతము కృష్ణకు దాపున నున్నను, సాగరు ఎడమకాలువ రాకపూర్వ మిచ్చట మెట్టచేలే మెండు. 1967లో కాలువలకు నీరు విడిచిన పిదప జొన్నలు, సజ్జలు పండిన చోట వరి నిండినది. అన్నము దొరకినందులకు విచారింపనేల? 2025 ఉగాదినాడు చౌకధరల దుకాణములలో మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా నిచ్చు పథకమును మా యూరనే ఆరంభించిరి. పేదయిల్లాలికి అది గొప్ప యూరట. కాని మూడుపూటల అన్నమే అలవాటై, రొట్టె తట్టు చేతులు మూలబడినవి. ఇప్పుడు మధుమేహము వచ్చినవారిని అన్నము తగ్గించి జొన్న తినుమని వైద్యులు చెప్పగా, కోడలికి తట్టరాదు, అత్తకు చేతులలో సత్తువ లేదు.

అంగడికి ఆకుకూరలు తెచ్చు స్త్రీలు తెల్లవారకమునుపే చెలకలలో కోసి తెత్తురు. పొద్దెక్కినకొలది ఆకు వడలును, వెల పడును. నడుమ దళారి లేక రైతే అమ్ముకొనవలెనని 1999లో రైతుబజారులు పెట్టిరి గాని, కట్టకు రూపాయి తగ్గింపుమని పెనగులాడు మనబోటి యిల్లాండ్రకు విరుగుడు లేదు! బేరము మాని, కూర యెట్లు వండవలెనో ఆ యవ్వనే అడుగుడు. తోటకూరకును చెంచలికూరకును గల భేదము మాకు తెలిపినది అట్టి యవ్వయే కాని గ్రంథములు కావు.

పుంటికూరను కృష్ణకు ఆవలివారు గోంగూర యందురు. ఎఱ్ఱకాడదానికి పులుపెక్కువ. ఆకు త్రుంచి, కడిగి, నీరోడ్చుడు. కందిపప్పును ముందుగా వేరే ఉడికింపవలెను. పులుపు ముందే చేరెనా, పప్పు ఎంతసేపటికిని మెత్తబడదు. ఆకును పచ్చిమిరపకాయలతో, ఉల్లిపాయతో మగ్గించి పప్పులో మెదిపి, వెల్లుల్లి, జీలకఱ్ఱ, ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టుడు. కళాయి లేని యిత్తడి, రాగి పాత్రలు పులుపునకు పనికిరావు, మట్టికుండ మేలు. మూత్రపిండములలో రాళ్లున్నవారు ఈ కూరను మితముగా తినవలెను.

ఇక రొట్టె. గోధుమపిండికి గల సాగుడుగుణము జొన్నపిండికి లేదు. కాబట్టి సలసల కాగు నీరు పోసి గరిటెతో కలిపి, చేయి పట్టగలిగినంత వేడి యుండగానే బాగుగా మర్దింపవలెను. పిండి క్రొత్తగా విసరించినదై యుండవలెను; పాతపిండి విరుగును. పొడిపిండి చల్లి, అరచేతితో త్రిప్పుచు తట్టి, పెనముపై వేసినవెంటనే పైభాగమును తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరగానే తిరుగవేయుడు. క్రొత్తగా నేర్చువారు మొదటి నాలుగు విరిగినను బెదరకుడు.

మా యింటి పంతులుగారు అన్నము లేనిది భోజనమే కాదనువారు. పుంటికూరపప్పు వండిననాడు మాత్రము రెండవ రొట్టె తామే యడుగుదురు. మిగిలిన రొట్టెను పారవేయక, మరునాటి యుదయము మజ్జిగలో నానవేసి, ఉప్పు వేసికొని, పచ్చి యుల్లిపాయ నంజుకొని తినుడు.