రోగి భాష రాని వైద్య విద్య



బెంజి సర్కిల్ దగ్గర నిలబడి తలెత్తి చూడండి. జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్... భూగోళమంతా హోర్డింగుల మీదే కనబడుతుంది. తెల్లకోటు తొడుక్కుని నవ్వే పిల్లలు, కింద ఫోను నంబరు. ఆ నంబరుకి ఫోను చేసేది ఎవరనుకుంటున్నారు? గుడివాడ, పామర్రు, అవనిగడ్డ వైపు నుంచి వచ్చే మనబోటి వాళ్ళే. కాలవ కింద ఎకరమో అరెకరమో బేరం పెట్టి మరీ వస్తారు.

వెళ్ళేవాళ్ళను తప్పుపట్టడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. 2024లో నీట్ రాసినవారు 23 లక్షల పైచిలుకు. దేశం మొత్తం మీద ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష దాటి కొంచెం. మన మచిలీపట్నంలో 2023లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారని సంబరపడ్డాం. తీరా చూస్తే అందులోనూ కొన్ని సీట్లకు లక్షల్లో ఫీజు పెట్టారు! ఇక విదేశాలకు పోయినవాణ్ణి "సీటు కొనుక్కున్నాడు" అని వెక్కిరించడం ఏం న్యాయం?

వాళ్ళు పడ్డ పాట్లు పత్రికల్లో కొంత చదివాం. చైనాలో చదివేవాళ్ళు 2020లో ఇంటికొచ్చి, రెండేళ్ళకు పైగా వీసాలు లేక సెల్‌ఫోనులోనే శరీర శాస్త్రం చదివారు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం విరుచుకుపడింది. మా మేనత్త కొడుకు, నాకు వరసకు బావ, అప్పుడు ఖార్కివ్‌లో అయిదో సంవత్సరం. ఆరు రోజులు మెట్రో స్టేషనులో తలదాచుకున్నాడు. ఆ ఊళ్ళోనే మార్చి 1న తిండి సరుకుల కోసం వరసలో నిలబడ్డ కర్ణాటక విద్యార్థి ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద అల్లరిమూకలు పడ్డాయి.

ఇవన్నీ పైకి కనబడే గాయాలు. పత్రికలకెక్కని కష్టం ఇంకొకటుంది. అది భాష.

పాఠం ఇంగ్లీషులోనే చెబుతారు, నిజమే. కాని మూడో ఏడు నుంచి ఆసుపత్రి వార్డుకి వెళ్ళాలి కదా! అక్కడ మంచం మీద ఉన్న ముసలమ్మకు ఇంగ్లీషు వస్తుందా? బావకు వచ్చిన రష్యన్ "గ్ద్యే బలీత్", అంటే ఎక్కడ నొప్పి అని. అడగడం వచ్చింది గాని, ఆవిడ పావుగంట చెప్పిన జవాబులో నాలుగు మాటలు కూడా అర్థమయ్యేవి కావట. ప్రొఫెసరుగారు రెండు ముక్కలు ఇంగ్లీషులో చెబితే అవి రాసుకుని వచ్చేయడమే.

అదే మన విజయవాడ పెద్దాసుపత్రిలో చూడండి. "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయయ్యా", "కాళ్ళు ఒకటే పీకుళ్ళు", "గుండెల్లో దడ". ఇది తిండి లేని నీరసమా, రక్తం తక్కువా, గుండె జబ్బా అని మెడికో అక్కడికక్కడే ఎదురు ప్రశ్న వెయ్యగలడు. రోజుకు పదిమందిని అలా అడిగితే పుస్తకం దానంతటదే బుర్రకెక్కుతుంది. వైద్యం సగం చెవులతో నేర్చుకునే విద్య అని నా అభిప్రాయం.

తిరిగొచ్చినవాళ్ళు ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలంటే 2002 నుంచి ఒక పరీక్ష ఉంది. 300 మార్కులకు 150 రావాలి. చాలా ఏళ్ళుగా నలుగురు రాస్తే ముగ్గురు తప్పుతున్నారు. దానికి జనం ఇచ్చే తీర్పు: మొద్దులు. వార్డులో ఆ చెవులు మూసి ఉంచిన చదువు సంగతి ఎవరికీ పట్టదు. బావ రెండుసార్లు రాశాడు, రెండోసారి ఏడు మార్కుల్లో పోయింది. సూర్యారావుపేటలో అద్దె గదిలో కూర్చుని మూడోసారికి చదువుతున్నాడు. అత్తయ్యని ఊళ్ళో పలకరించే తీరే మారిపోయింది. "ఇంకా డాక్టరు కాలేదా?" అని.

2021 నాటి నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మళ్ళీ ఇక్కడొక ఏడాది ఇంటర్న్‌షిప్. సరే, కాదనను. కాని ఆ ఆఖరి ఏడాది దాకా ఆగడమెందుకు? వేసవి సెలవులకు వచ్చే పిల్లలను జిల్లా ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్ల వెనక నెలరోజులు నిలబడి చూడనివ్వవచ్చు కదా! లెక్కలోకి రాకపోతే మానె. ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నది ఈ విజయవాడలోనే. మన విద్యార్థి సంఘం ఒక వినతిపత్రం పట్టుకెళ్ళడానికి సిటీబస్సు చార్జీ చాలు.

ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ నాన్నగారు అడ్వాన్సు కట్టేముందు ఆ కన్సల్టెన్సీ ఆయన్ని మూడు ప్రశ్నలు అడగండి. వార్డులో రోగితో మేం ఏ భాషలో మాట్లాడాలి? ఆ భాష ఎన్ని నెలలు, ఎవరు నేర్పుతారు? మీరు పంపినవారిలో ఇక్కడి పరీక్ష గట్టెక్కినవారు ఎందరు, వారితో మాట్లాడించగలరా? ఆయన జవాబు చెప్పకుండా కుర్రాణ్ణి కేకేసి కూల్‌డ్రింకు తెప్పిస్తే, తాగకుండా లేచి వచ్చేయండి.