తప్పు పొగమంచుది కాదు

ఇల్లందు చుట్టుపక్కల చలికాలం తెల్లవారుజామున కరెంటు పోతే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "మంచు పడింది, లైను ట్రిప్పయింది." మంచు మన తాతల నాడూ పడింది. నేరం దాని మీదికి నెడితే ఎవరికీ నోటీసు ఇవ్వనక్కర్లేదు, అంతే.

అసలు జరిగేదేమిటో రైతు తెలుసుకోవాలి. 11 కేవీ తీగను స్తంభం మీద మోసేది పింగాణీ ఇన్సులేటర్. గాలిని చీల్చుకుని దూకాలంటే సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టులు కావాలి. మన తీగకూ స్తంభానికీ మధ్య ఉండేది ఆరు వేల పైచిలుకే. అంటే శుభ్రంగా ఉన్న ఇన్సులేటర్‌ను అది దాటలేదు. దాటించేది దుమ్ము.

1889లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. ఇప్పుడు ఓపెన్ కాస్టులు, మట్టి గుట్టలు, పగలూ రాత్రీ టిప్పర్లు. పత్తి మీద పడిన దుమ్ము మనకు కనిపిస్తుంది. ఇన్సులేటర్ మీద పేరుకున్నది తలెత్తి చూసేవాడు లేడు. పొడిగా ఉన్నంతసేపు ఆ పొర పెద్దగా హాని చెయ్యదు. మంచు తగిలితే అందులోని లవణాలు కరిగి దాని మీదుగా కరెంటు సన్నగా పారుతుంది. పారిన చోట వేడెక్కి కొంతమేర ఆరిపోతుంది. ఆరిన ఆ చిన్న పట్టీ మీదే వోల్టేజీ దాదాపు అంతా పడి రవ్వలు లేస్తాయి. రాత్రిపూట స్తంభం దగ్గర చిటపటలు విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. రవ్వలు పొడుగై కలిస్తే తీగ నుంచి స్తంభం దాకా నిప్పు దారి పడుతుంది. దీన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు. జోరువాన దుమ్మును కడుగుతుంది. మంచు తడిపి ఊరుకుంటుంది. అందుకే వానలు వెనకబట్టిన తర్వాతే ఈ బెడద.

ఇంజినీర్లకు ఇది తెలియనిది కాదు. దుమ్ము తక్కువ ఉన్నచోట కిలోవోల్టుకు 16 మిల్లీమీటర్లు, మరీ ఎక్కువ ఉన్నచోట 31 మిల్లీమీటర్ల ఉపరితల దూరం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఏనాడో చెప్పింది. దాదాపు రెట్టింపు! బొగ్గు గనుల పక్క లైనుకు, గోదావరి ఒడ్డు లైనుకు ఒకటే రకం బిగిస్తే ఏ లెక్క? నీటిని బొట్లుగా జార్చేసే సిలికాన్ పాలిమర్ ఇన్సులేటర్లూ బజారులో ఉన్నాయి.

2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయి రెండు ఫేజుల మీద నడిచిన మోటారు కాలిపోతే వైండింగ్ ఖర్చు మాత్రం ఉచితం కాదు.

అంతకన్నా ఘోరం ఇంకోటి. లైన్‌మన్ రాడు (ఒక్కడికి అన్ని ఊళ్లు అప్పగిస్తే ఎక్కడికని వస్తాడు, అతని మీద కోపం లేదు). యాసంగి మక్క ఎండుతుంటే రైతే కర్ర పట్టుకుని ఫ్యూజు వెయ్యడానికి పోతాడు. "ఎండు కర్రే కదా" అనుకుంటాడు. రాత్రంతా మంచులో తడిసి మట్టి అంటిన కర్ర, దుమ్ము పట్టిన పింగాణీ రెండూ ఒకటే. దాని పైపొర మీదుగానే కరెంటు చేతికి వస్తుంది. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు.

మన డిమాండు స్పష్టం. దీపావళి లోపు గనుల పక్క, టిప్పర్ల దారి పక్క ఉన్న ప్రతి లైనుకూ సరఫరా ఆపి ఇన్సులేటర్లు తుడవాలి, పగిలినవి మార్చాలి. ఏ స్తంభం ఎప్పుడు తుడిచారో పంచాయతీ బోర్డు మీద రాయాలి. విద్యుత్ చట్టం, 2003లోని 57వ సెక్షన్ ప్రకారం సేవా ప్రమాణాలు తప్పితే నష్టపరిహారం ఇవ్వాలి. అందుకే ట్రిప్పయిన తేదీ, గంట, కాలిన మోటారు రసీదు దాచిపెట్టండి. ఈ నెల గ్రామ కమిటీ సమావేశానికి అవి పట్టుకొని రండి.