మాకు రెండు దోవలు ఎప్పుడుండాయి?

తిరుపతి యూనివర్సిటీ మేలా, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ మేలా అని అడుగుతుంటారు. లైబ్రరీ యాడ పెద్దది, ఉద్యోగాలు యాడ వస్తాయి, పేరు దేనికుంది అని. అడగండి, తప్పులేదు. రెండు చోట్లా మీ మేనమామలు ప్రొఫెసర్లుగా ఉన్నప్పుడు అడగదగ్గ ప్రశ్నే అది.

2012లో నాకు రెండు చోట్లా ఎమ్మే సీటొచ్చింది. ఆ ఎండాకాలం మా అమ్మ చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలు కోస్తా ఉండింది. సొన పడి చేతులు పొక్కిపొయ్యేవి. ఆ కూలి డబ్బులే నా ఫీజు. మామిడికాయల కాలమూ అడ్మిషన్ల కాలమూ ఒకటే కావడం మా అదృష్టం అనుకోవాల. డిగ్రీలో నాకు పాఠం చెప్పిన అయ్యవారొకాయన "మీవాళ్లకు తిరుపతి చాల్లేరా, ఆ ఇంగ్లీషుకు నువ్వు తట్టుకోలేవు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. తిట్టి ఉంటే ఎదురు తిరిగి ఉందును. తిరుపతిలో చేరినాను. నేనే ఎంచుకున్నానని ఇన్నేళ్లూ చెప్పుకుంటా వచ్చినాను. అబద్ధం. బస్సు ఛార్జీ ఎంచింది. ఆయన మాట ఎంచింది. తిరుపతి తక్కువదని కాదు నేననేది. ఆడ చదివే టీచరునైనాను. మా ఇంట్లో నాకు ముందు డిగ్రీ కాగితం చూసినవాళ్లు లేరు.

అసలు ఈ యూనివర్సిటీలు ఎట్లా పుట్టినాయి? 1937లో కోస్తా పెద్దమనుషులూ సీమ పెద్దమనుషులూ కూర్చుని శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం అన్నారు. చివరికి 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1973లో ఆరు సూత్రాల పథకమొచ్చింది, దాని వెంట 1974లో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. కోస్తాకెంత, సీమకెంత, తెలంగాణకెంత అని వాటాలు తేల్చుకున్నారు. ఊరి వాటాలే అవన్నీ. వాడకెంత అని ఎవరడిగినారు?

ఇప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన మాదిగపల్లె పాప డిగ్రీ ముగించి, అవే రెండు సీట్లు పట్టుకొని వచ్చింది. స్టాఫ్ రూములో ఒకాయన "రోహిత్ వేముల ఏమైనాడో తెల్దా? ఆడపిల్లను ఆడికి పంపిస్తావా?" అన్నాడు. ఎంత దయ! 2016 జనవరిలో ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టలు బయటికి నెడితే, వాళ్లు వెలివాడ కట్టుకొని చలిలో పడుకున్నారు. అప్పుడీయన నోరు మెదపలేదు. ఏడు నెలల ఫెలోషిప్ రావాలని రోహిత్ ఆఖరి ఉత్తరంలో రాసుకున్నాడు. అప్పుడూ మెదపలేదు. అంతకు ముందు 2008లో అదే యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ పోయినాడు, ఆ పేరే ఈయనకు తెలీదు. ఇప్పుడు మాత్రం ఆ చావులను కంపలాగా కొట్టుకొచ్చి మా పిల్లల దోవకు అడ్డం వేస్తా ఉన్నాడు.

సిగ్గు విడిచి చెప్తున్నా, నా నోటిదాకా కూడా అదే మాట వచ్చింది. 'తిరుపతి చాల్లే పాపా' అనబోయినాను. ఆ అయ్యవారు పన్నెండేళ్లు దాటినా నా గొంతులో కూర్చోనుండాడు. చదువుకున్న మనోళ్లు చాలామంది గొంతుల్లో ఇట్లాంటి అయ్యవార్లుండారు, వెతుక్కోండి. జాగ్రత్త చెప్తున్నామనుకుంటాం. గేటు మూస్తుంటాం.

అంబేద్కర్‌ను చూడండి. 1913లో బరోడా మహారాజా ఇచ్చిన ఉపకారవేతనంతో కొలంబియాకు పోయినాడు. 1916లో లండను చేరినాడు. వేతనం గడువు తీరి 1917లో చదువు సగంలో వదిలి వచ్చేసినాడు. ఎవరూ ఆయన్ను 'కొలంబియా చాల్లేదా' అని ఆపలేకపోయినారు. 1920లో తిరిగి పోయి లండను చదువూ పూర్తి చేసినాడు. మన ఇండ్లల్లో ఆయన పటం కింద కూర్చొని పిల్లలకు దగ్గరి బస్సు చూపిస్తా ఉండాం.

పాపను పిలిచి, చిత్తూరు నుంచి కాచిగూడ పొయ్యే వెంకటాద్రికి టికెట్టు తీస్తానని చెప్పినాను. వాళ్లమ్మ ఒకటే అడిగింది.

"ఆడ మనోళ్లు ఉండారా సార్?"

"ఉండారక్కా. 1993లోనే అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పెట్టినారు ఆడ. దిగినాక వాళ్ల దగ్గరికే పోతాది."

"అట్లయితే చేర్పించు సార్. ఫ్యాక్టరీ ఇంకా నెల దినాలు నడుస్తాది" అనింది.