తలుపు మూసుకున్న ప్రాణి

గుడివాడలో మాకు దగ్గరి బంధువుల ఇల్లు ఒకటి ఉన్నది. గత వర్షాకాలంలో పెండ్లి పిలుపు నిమిత్తం మచిలీపట్నం నుండి అక్కడికి వెళ్లినప్పుడు, ఇంటర్మీడియెట్ చదువుతున్న వారి అబ్బాయి భోజనానికి రాకుండా ఒక ప్లాస్టిక్ డబ్బా ముందు కూర్చుని ఉండటం చూశాము. డబ్బాలో సగం వరకు మట్టి. ఒక మూల చిటికెన వేలు పట్టేంత రంధ్రం, దాని నోటికి దారాలతో అల్లిన తెల్లని పొర. లోపల ఉన్నది టరాంటులా అనే పెద్దజాతి సాలీడు పిల్ల. మధ్య అమెరికా నేలలలో బొరియలు తవ్వుకుని జీవించే జాతి అది. స్నేహితుని వద్ద తెచ్చుకున్నాడట. మూడు వారాలుగా అది బయటికి రాలేదు. వేసిన బొద్దింక పిల్లను ముట్టలేదు.

అబ్బాయి చేతిలో చెంచా ఉన్నది. తవ్వి చూడాలని అతని ఆత్రం. ఇంతకు ముందు తెచ్చిన పిల్లను కూడా ఇలాగే తవ్వి తీశాడనీ, అది అప్పుడే కుబుసం విడుస్తూ ఉండి రెండు రోజులలో చనిపోయిందనీ వాళ్ల అమ్మీ మాతో మెల్లగా చెప్పింది. ఆ సంగతి అబ్బాయి ఆమెకు తప్ప మరెవరికీ చెప్పుకోలేదట.

ఆనాడు చెంచాను ఆపినవారు అతని మామూ. దివిసీమలో, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల మీద పని చేసే మనిషి. డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసి, “అరే బేటా, అమావాస్యకు, పున్నమికి మా చెరువులో రొయ్య మేత సరిగా తినదు. చెక్ ట్రేలో వేసింది వేసినట్టే ఉంటుంది. కొత్తగా వచ్చిన కుర్రవాడు జబ్బు చేసిందని కంగారు పడతాడు. జబ్బు కాదు, ఒళ్లు మార్చుకుంటోంది. మండపీత అయితే బొరియలోకి పోయి దాక్కుంటుంది. మెత్తగా ఉన్నప్పుడు ఎవరి కంట పడినా దాని పని అంతే. దీన్ని కదపకు” అన్నారు.

మామూ ఎన్నడూ సాలీడును పెంచినవారు కారు. అయినా ఆయన చెప్పినది నిజం. రొయ్య, పీత, సాలీడు మూడింటికీ లోపల ఎముకలు లేవు. దేహాన్ని నిలిపేది బయటి కవచమే. ఆ కవచం దేహంతో పాటు పెరగదు. పెరగాలంటే పాతదానిని విడిచి, మెత్తని కొత్త చర్మంతో కొంత కాలం నిస్సహాయంగా ఉండక తప్పదు. టరాంటులా పిల్ల నెలకో, రెండు నెలలకో ఒకసారి కుబుసం విడుస్తుంది. పెద్దదైన తరువాత ఏడాదికి ఒకసారి, లేదా అంతకంటె ఆలస్యంగా విడుస్తుంది. ఆ ఘడియ సమీపించినప్పుడు పొట్ట ఉబ్బి నిగనిగలాడుతుంది, రంగు నల్లబడుతుంది. ఆహారం మానేస్తుంది, బొరియ నోటిని మూసుకుంటుంది. అంటే మనకు రోగంగా కనబడినది దాని ఎదుగుదల.

ఆ రోజులలో పెంచేవారి పని స్వల్పమే కాని, అది తప్పనిసరి. మట్టిలో ఒక వైపు తడి ఆరకుండా చూడాలి. సీసా మూత వంటి చిన్న పాత్రలో నీరు ఉంచాలి. తినని పురుగును ఆ రోజే తీసివేయాలి; మెత్తబడిన సాలీడును ఆ పురుగే కొరికి చంపగలదు. కుబుసం విడిచేటప్పుడు టరాంటులా సాధారణంగా వెల్లకిలా పడుకుంటుంది. చూసినవారు చనిపోయిందని భ్రమపడి తాకుతారు. చనిపోయిన సాలీడు గుర్తు వేరు: కాళ్లన్నీ పొట్ట క్రిందికి ముడుచుకుంటాయి. ఎందుకంటే కాళ్లను చాపటానికి దానికి లోపలి ద్రవపు ఒత్తిడే ఆధారం. నీరు బాగా తగ్గినప్పుడు కూడా కాళ్లు అలాగే ముడుచుకుంటాయి, పొట్ట ముడతలు పడుతుంది. అటువంటప్పుడు మాత్రం ఆలస్యం చేయక నీరు అందించాలి. కుబుసం విడిచిన తరువాత కోరలు గట్టిపడటానికి కొన్ని దినాలు పడుతుంది. సుమారు వారం గడిచిన పిమ్మట ఆహారం వేయవచ్చు.

మన డెల్టా ఇండ్లలో మరొక జాగ్రత్త అవసరం. దోమల కోసం సాయంకాలం కాగానే కాయిల్ వెలిగిస్తాము, మందు చల్లుతాము. పురుగులను చంపే మందు సాలీడునూ చంపుతుంది. డబ్బాను ఆ గదిలో ఉంచరాదు. వేసవిలో ఎండ తగిలే కిటికీ వద్ద అసలే ఉంచరాదు.

ఆ ఇంట్లో దాదీకి ఈ ప్రాణి అంటే భయమే. కాని చిన్ననాట సౌర్ గుహ కథ విని పెరిగిన ఆమె, సాలీడును చంపటానికి ఎవరినీ అనుమతించదు. ఆమె అబ్బాయికి చెప్పినది హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ముచ్చట. ఆ బాలుడు ముద్దుగా పెంచుకున్న చిన్న పిట్ట చనిపోగా దైవప్రవక్త (స) అతని దుఃఖాన్ని చిన్నచూపు చూడలేదు, పిట్టను గురించి పలుకరించి ఓదార్చారు. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తానుగా వెదుక్కుని తినటానికీ విడువక చంపిన స్త్రీకి శిక్ష పడిన సంగతి కూడా హదీసులలో ఉన్నది. పెంచటానికి అనుమతి ఉన్నది. పెంచినదానికి జవాబుదారీ కూడా ఉన్నది. రెండింటినీ కలిపి చూడమని దాదీ మాటలోని సారం.

ఆ జవాబుదారీ డబ్బా వద్ద ముగియదు. ఈ ప్రాణి ఎక్కడి నుండి వచ్చినదో కూడా అడగాలి. మన రాష్ట్రపు నీలిరంగు టరాంటులా సంగతే చూడండి. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తిలో దొరికిన నమూనాను బట్టి దానిని లోకానికి పరిచయం చేశారు. ఆ తరువాత నూరేండ్లకు, 2001లో, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో అది తిరిగి కనబడింది. 2008లో దానిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతిగా అంతర్జాతీయ జాబితాలో చేర్చారు. చెట్ల తొర్రలలో బ్రతికే ఆ జీవికి అడవి నరికివేత ఒక శత్రువు, దాని అందాన్ని చూసి కొనేవారి మోజు మరొక శత్రువు. 2019 నుండి ఆ ప్రజాతి అంతటి వర్తకంపై అంతర్జాతీయ నియంత్రణ అమలులోకి వచ్చింది. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఇటువంటి నియంత్రణ ఉన్న ప్రాణులను దగ్గర ఉంచుకునేవారికి కూడా నిబంధనలు విధించింది. కనుక అడవి నుండి పట్టి తెచ్చినదానిని కొనరాదు. మూలం చెప్పలేని అమ్మకందారు వద్ద అసలే కొనరాదు.

ఇంకొక ప్రశ్న. ఆడ టరాంటులాలు కొన్ని జాతులలో ఇరవై ఏండ్లకు పైగా జీవిస్తాయి. రెండేండ్లలో ఈ అబ్బాయి ఇంజనీరింగు చదువుకు ఊరు విడిచి పోతాడు. అప్పుడు డబ్బాలో తడి ఎవరు చూస్తారు? మేము అడిగినప్పుడు అబ్బాయి వద్ద సమాధానం లేదు. అమ్మీ మాత్రం నవ్వి, “ఇంకెవరు?” అన్నది. ఏ ప్రాణినైనా ఇంటికి తెచ్చే ముందే పిల్లలూ పెద్దలూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం ఇది.

మేము వచ్చిన తరువాత మరి రెండు వారాలకు అబ్బాయి ఫోటో పంపాడు. బొరియ నోటి పొర తొలగి ఉన్నది. బయట ముడుచుకుపోయిన పాత కుబుసం, లోపలి చీకటిలో మునుపటికంటె పొడవైన కాళ్లు. ఆహారం ఇంకా వేయలేదనీ, వారం ఆగుతాననీ వ్రాశాడు. మొదటి దానిని కూడా ఇలా ఆగి ఉంటే బ్రతికేదని క్రింద మరొక వాక్యం ఉన్నది. ఆ సంగతి తానుగా మాకు చెప్పటం అదే మొదటిసారి.